పాత మిలిటరీ కవచ వాహనాలు కొనడం, బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో సైన్యం వాడి వదిలేసిన కవచ వాహనాలను మామూలు మనుషులు కొనుక్కుని, బాగుచేసుకుని, రోడ్డు మీద నడుపుకోవచ్చు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసిన రోజు నుంచి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. నేను ఇంగ్లండ్‌లో మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఉంటాను. ఇద్దరు స్నేహితులతో కలిసి ఫెరెట్ స్కౌట్ కారు అనే నాలుగు చక్రాల చిన్న కవచ బండిని చూసుకుంటున్నాను. ప్రదర్శనల్లో మన తెలుగువాళ్లు ఆగి అడిగేవి, ఊరి నుంచి వాట్సాప్‌లో వచ్చేవి ఇక్కడ ఒకచోట చేర్చి జవాబులు రాశాను. ఇవి ఎక్కువగా బ్రిటన్‌కు, అందులోనూ ఫెరెట్‌కు సంబంధించినవి. నాకు చేతులారా తెలిసిన బండి అదే.

నిజంగా ఎవరైనా ట్యాంకు కొనుక్కోవచ్చా? పోలీసులు పట్టుకోరా?

బ్రిటన్‌లో కొనుక్కోవచ్చు. ఇనుప కవచం ఉన్నంత మాత్రాన ఆ బండికి ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు. చట్టం పట్టించుకునేది దాని మీది తుపాకీని. దాన్ని పనిచేయకుండా చేసి, ఆ మేరకు సర్టిఫికెట్ ఉంటే చాలు. సైన్యం పక్కన పెట్టిన బండ్లను రక్షణ శాఖ కాంట్రాక్టర్ల ద్వారా అమ్ముతుంది. అక్కడి నుంచి డీలర్లకు, వాళ్ల నుంచి మనలాంటి వాళ్లకు చేరతాయి.

అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉంటుందనుకోవద్దు. జర్మనీలో కీల్ నగరం దగ్గర హైకెండోర్ఫ్ అనే ఊళ్లో ఒకాయన ఇంటి సెల్లార్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాంథర్ ట్యాంకు ఉండేది. 2015లో సైన్యం వచ్చి దాన్ని బయటికి లాగింది. దాదాపు 20 మంది సైనికులకు తొమ్మిది గంటలు పట్టింది. 2021లో కోర్టు ఆయనకు రెండున్నర లక్షల యూరోలు కట్టమని చెప్పి, ట్యాంకును మ్యూజియానికో అర్హత ఉన్న సేకర్తకో అమ్మేయమంది. కాబట్టి బండి కంటే ముందు మీరున్న దేశం చట్టం చదవండి.

మొదటి బండిగా ఏది తీసుకోమంటారు?

ట్యాంకు వద్దు. చక్రాలకు బదులు ట్యాంకులా గొలుసు పట్టాల మీద నడిచేది ఏదీ వద్దు. ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను.

చీఫ్‌టెన్ ట్యాంకు బరువు 55 టన్నులు. బ్రిటన్ రోడ్ల మీద మామూలు లారీకి సరుకుతో కలిపి ఉన్న పరిమితే 44 టన్నులు. అంటే దాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తీసుకెళ్లాలన్న ప్రతిసారీ ప్రత్యేక లారీ, ముందస్తు అనుమతులు, వాటి ఖర్చు. ఎఫ్‌వీ432 అనే సైనికుల రవాణా బండి సుమారు 15 టన్నులు. ధర తక్కువగానే కనిపిస్తుంది. కానీ దానిలో ఉన్నది రోల్స్ రాయిస్ కె60 అనే ఎదురెదురు పిస్టన్ల టూ స్ట్రోక్ ఇంజిను. అది చెడితే ఊళ్లో ఏ మెకానిక్కూ ముట్టుకోడు. పట్టాలకు రబ్బరు ప్యాడ్లు లేకపోతే రోడ్డు పాడవుతుంది, ఆ ప్యాడ్లేమో అరుగుతూనే ఉంటాయి. స్కార్పియన్ కుటుంబానికి చెందిన ఎనిమిది టన్నుల అల్యూమినియం బండ్లు చాలా సరదాగా ఉంటాయి, జాగ్వార్ 4.2 లీటర్ల ఇంజినుతో పరుగెడతాయి. అయితే తొలి రోజుల్లో చేసిన వాటి అల్యూమినియం కవచం నెర్రెలు విచ్చే జబ్బు అందరికీ తెలిసిందే. ఆరు చక్రాల సారసన్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ పది టన్నుల బండికి పెద్ద షెడ్డు కావాలి.

ఫెరెట్‌కు నాలుగు చక్రాలు, నాలుగు టన్నుల పైచిలుకు బరువు. పొడవు నాలుగు మీటర్లకు లోపే, వెడల్పు రెండు మీటర్ల లోపే. ఇద్దరు మనుషులు, ఒక మంచి జాకీ, ఓ షెడ్డు ఉంటే దాని మీద చేయలేని పని తక్కువ. నా సలహా అదే.

ఫెరెట్ అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పండి.

శత్రువు ఎక్కడున్నాడో చూసి వచ్చే గూఢచారి బండి. పోరాడటం కంటే చూసి తప్పించుకోవడం దాని పని. కోవెంట్రీలో డైమ్లర్ కంపెనీ 1952 నుంచి 1971 వరకు సుమారు 4,400 బండ్లు తయారుచేసింది. ఈ రోజు కోవెంట్రీలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఎంతమందో చెప్పనక్కర్లేదు. వాళ్లు రోజూ తిరిగే ఊళ్లోనే ఈ బండ్లు పుట్టాయి.

లోపల ఇద్దరు మనుషులు. ముందు డ్రైవరు, వెనక కమాండరు. కవచం మందం చోటును బట్టి 6 నుంచి 16 మిల్లీమీటర్లు. వెనక భాగంలో రోల్స్ రాయిస్ బి60 పెట్రోలు ఇంజిను, ఆరు సిలిండర్లు, 4.26 లీటర్లు. గంటకు 93 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మలయా, ఏడెన్, సైప్రస్, ఉత్తర ఐర్లండ్ ఇలా బ్రిటిష్ సైన్యం వెళ్లిన చోటుకల్లా వెళ్లింది. ఎన్నో దేశాలు కొన్నాయి, మన భారత సైన్యం కూడా వాడింది.

లోపల కూర్చుంటే మొదట వింతగా అనిపించేది స్టీరింగు. మామూలు కారులో ఉన్న వాలుకు సరిగ్గా ఎదురు వాలులో ఉంటుంది. డ్రైవరు సీటు బాగా కిందికి ఉండటం, ముందు కవచం ఏటవాలుగా ఉండటం వల్ల అలా అమర్చారు. అలవాటయ్యాక చేతులు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఎంత ఖర్చవుతుంది?

బాగా నడిచే ఫెరెట్ ధర మామూలు కొత్త కారు ధరకు అటూ ఇటూగా ఉంటుంది. తుప్పుపట్టి కదలనిది ఇంకా తక్కువకు వస్తుంది, కానీ చివరికి అదే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. కొన్న ధర ఒక్కసారి పోయేది. షెడ్డు అద్దె, బీమా, టైర్లు, ఆయిళ్లు, రవాణా ఏటేటా పోయేవి. పెట్రోలు ట్యాంకులో 96 లీటర్లు పడుతుంది, దానితో 300 కిలోమీటర్లు వెళ్తుంది. అంటే లీటరుకు మూడు కిలోమీటర్లు.

ముగ్గురో నలుగురో కలిసి కొనడం మంచి పద్ధతి. ఎవరి వాటా ఎంత, ఒకరు తప్పుకుంటే ఏం చేయాలి అన్నవి మాత్రం కాగితం మీద రాసుకోండి. స్నేహం పదికాలాలు నిలవాలంటే అదే మేలు.

కొనే ముందు ఏం చూడాలి?

రంగు చూసి పడిపోవద్దు. అమ్మేవాళ్లు మొదట చేసే పని కొత్త రంగు వేయడమే.

ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వచ్చేసరికి వేడిగా ఉంటే, స్టార్ట్ కావడానికి ఎంత ఇబ్బంది పెట్టిందో మీకు తెలియకుండా చేశారని అర్థం. బండి అడుగున ఉండే నీళ్లు పోయే బిరడాలు విప్పించండి. నీళ్లు, బురద, ఆయిల్ కలిసిన జావ బయటికి వస్తే ఆ బండి ఏళ్లుగా వానలో నిలబడి ఉంది. కవచం మందమైన ఉక్కు కాబట్టి దానికి పెద్దగా ఏమీ కాదు. లోపలి పల్చటి రేకు పెట్టెలు, వైర్లు, బ్రేకు పైపులు, పెట్రోలు ట్యాంకు కుళ్లిపోతాయి. చక్రాల లోపలి వైపు చెయ్యి పెట్టి తడమండి, ఆయిల్ తగులుతుందేమో చూడండి. అన్ని గేర్లలో, ముందుకీ వెనక్కీ నడిపించమనండి. కాగితాలు అడగండి. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న నంబరు, బండి మీద కొట్టిన నంబరు ఒకటేనా అని మీ కళ్లతో చూసుకోండి.

పని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

బ్రేకుల నుంచి. నాకున్న ఒకే ఒక్క పట్టుదల ఇది. బండి ముందు ఆగడం నేర్చుకోవాలి, ఆ తర్వాత నడవడం, అన్నిటికంటే ఆఖరున రంగు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇంజిను చప్పుడు వినాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది. కానీ నాలుగు టన్నుల ఇనుము కదిలాక ఆగకపోతే దాని ముందు ఏ కారూ, ఏ గోడా నిలబడదు. అందులోనూ డ్రైవరుకు బయట కనిపించేది చాలా తక్కువ.

నాలుగు చక్రాలకూ డ్రమ్ములు విప్పి చూడండి. హబ్‌లోంచి కారిన ఆయిల్ లైనింగుకు పట్టిందా, చక్రం దగ్గరి సిలిండర్లలో పిస్టన్లు తుప్పుతో బిగుసుకున్నాయా, రబ్బరు వాషర్లు రాయిలా అయిపోయాయా చూసుకోండి. రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. అప్పుడు పెడల్ వదిలినా బ్రేకు వదలదు. పాతవన్నీ తీసేసి కొత్తవి వేయడమే మార్గం.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఆ కాలపు మిలిటరీ బండ్లలో కొన్నిటికి మామూలు బ్రేక్ ఆయిల్, కొన్నిటికి మినరల్ ఆయిల్ వాడతారు. ఒకదానిలో ఒకటి పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. మీ బండికి ఏది పోయాలో సైన్యం మాన్యువల్‌లో చూశాకే డబ్బా మూత తీయండి.

చక్రాలు విప్పడం ప్రమాదమంటారు, ఎందుకు?

ప్రాణాలు పోయిన పని కాబట్టి. ఈ బండ్ల రిమ్ము రెండు భాగాలుగా ఉంటుంది. రెండింటినీ కలిపి బిగించే నట్ల వరుస ఒకటి, చక్రాన్ని హబ్‌కు బిగించే నట్ల వరుస ఇంకొకటి. టైరులో గాలి ఉండగా మొదటి వరుస విప్పారంటే రిమ్ము సగం తుపాకి గుండులా ఎగిరి మీదికి వస్తుంది. విప్పకూడని నట్లను సైన్యంలో చాలా బండ్ల మీద ఎర్ర రంగుతో గుర్తుపెట్టేవారు. మళ్లీ మళ్లీ రంగులు వేసిన బండ్లలో ఆ ఎరుపు కనిపించకపోవచ్చు. కాబట్టి ఏ నట్టు ఏదో తేల్చుకునేదాకా స్పానర్ పట్టవద్దు. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోయిందని నిర్ధారించుకోకుండా టైరు పని మొదలుపెట్టవద్దు. మా షెడ్డులో చక్రం పని ఎప్పుడూ ఇద్దరం ఉన్నప్పుడే.

గేర్లు వేయడం కష్టమా?

కష్టం కాదు, వేరు. ఇందులో ఉన్నది ప్రీసెలెక్టర్ గేర్‌బాక్సు. ముందుగా స్టీరింగు దగ్గరున్న లివరును కావలసిన గేరు దగ్గర పెడతారు. అప్పుడు ఏమీ జరగదు, బండి పాత గేరులోనే నడుస్తూ ఉంటుంది. మలుపు దగ్గరకొచ్చాక, క్లచ్ ఉండాల్సిన చోట ఉన్న పెడల్‌ను అడుగంటా నొక్కి వదిలితే ముందే ఎంచుకున్న గేరు పడుతుంది. ఇంజినుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉండదు, ఆయిల్ నిండిన ఫ్లూయిడ్ ఫ్లైవీల్ ఉంటుంది. అందుకే గేరులో ఉంచి బ్రేకు పట్టుకుని నిలబడినా ఇంజిను ఆగదు. ట్రాఫిక్‌లో ఇది చాలా సుఖం.

తెలియాల్సింది ఒక్కటే. ఆ పెడల్‌ను సగం నొక్కి వదలకూడదు. లోపల బలమైన స్ప్రింగు ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకపోతే పెడల్ మామూలుగా ఆగే చోటు దాటి పైకి తన్నుకొస్తుంది. కాలు అక్కడే ఉంటే పిక్క వాచిపోతుంది. మళ్లీ దాన్ని కిందికి నొక్కాలంటే సీటుకు వీపు ఆనించి బలమంతా పెట్టాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మేం మొదట చెప్పేది ఇదే: బండి కదలకుండా ఇంజిను ఆపి ఉంచి, పాదం పూర్తిగా, గబుక్కున, నేలకు తగిలేలా నొక్కడం అలవాటు చేసుకోండి. పెడల్ పదే పదే తన్నుతుంటే గేర్‌బాక్సు లోపలి బ్యాండ్లు అరిగాయనో, సర్దుబాటు తప్పిందనో అర్థం. దాన్ని వదిలేయకూడదు.

ఇంకో విశేషం, ముందుకు వెళ్లడానికి ఉన్న అయిదు గేర్లూ వెనక్కి వెళ్లడానికీ ఉన్నాయి. వేరే లివరుతో దిశ మారుస్తారు. శత్రువు ఎదురుపడితే బండి తిప్పుకునే వ్యవధి లేకుండా వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తడానికి ఈ ఏర్పాటు.

తారు రోడ్డు మీద ఎక్కువ నడపకూడదంటారు, నిజమేనా?

కొంత నిజమే. ఫెరెట్‌లో ఒక పక్కన ఉన్న ముందు చక్రం, వెనక చక్రం ఒకదానితో ఒకటి ముడిపడి తిరుగుతాయి. మట్టిలో ఇది వరం. గట్టి రోడ్డు మీద ముందు టైరుకూ వెనక టైరుకూ చుట్టుకొలతలో కాస్త తేడా ఉన్నా జారే వీలుండదు. ఆ బిగువంతా షాఫ్టుల్లో, గేరుపళ్లలో పేరుకుంటుంది. అందుకే నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకేలా అరిగినవి, ఒకే గాలి ఒత్తిడితో ఉండాలి. దూరం వెళ్లేటప్పుడు మధ్యలో ఓ చక్రాన్ని గడ్డి మీదికో ఎత్తుపల్లాల్లోకో దింపితే బిగువు సడలుతుంది.

ఇంజిను గురించి భయపడాలా?

అక్కర్లేదు. ఈ ఇంజిన్లు గట్టివి. రోల్స్ రాయిస్ నాలుగు, ఆరు, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లను ఒకే కొలతల భాగాలతో చేసింది. బి40, బి60, బి80 అంటారు. ఒకదాని సామాను ఇంకొకదానికి చాలావరకు సరిపోతుంది. డెన్నిస్ ఫైరింజన్లలో కూడా ఇవే ఇంజిన్లు ఉండేవి, కాబట్టి పాత ఫైరింజన్ల వాళ్లతో పరిచయం పెంచుకోండి.

కరెంటు మాత్రం 24 వోల్టులు, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా. రేడియోకు అడ్డు తగలకుండా ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటరు అన్నీ లోహపు తొడుగుల్లో ఉంటాయి. మామూలు కారు ప్లగ్గు ఇందులో పట్టదు. తొడుగుల లోపల చెమ్మ చేరితే బండి స్టార్ట్ కాదు. అందరూ కార్బ్యురేటర్ విప్పుతారు గానీ తడి అక్కడ ఉంటుంది.

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు. ఇథనాల్ తక్కువ ఉన్న ఖరీదైన పెట్రోలు పోయండి, గొట్టాలు కొత్తవి వేయించండి. శీతాకాలంలో రేడియేటరులో యాంటీఫ్రీజ్ లేకపోతే నీళ్లు గడ్డకట్టి ఇంజిను బ్లాకు పగులుతుంది. మన ఊళ్లలో ఈ భయం లేదు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకు తట్టదు.

ఆరోగ్యానికి ప్రమాదకరమైనవి ఏమైనా ఉంటాయా?

ఉంటాయి, తేలిగ్గా తీసుకోవద్దు. పాత బ్రేకు లైనింగుల్లో, గ్యాస్కెట్లలో, సైలెన్సరు చుట్టిన గుడ్డల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. గాలి కొట్టి దులపకూడదు. తడిపి తీయాలి, సరైన మాస్కు వేసుకోవాలి. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1950ల నాటి మీటర్ల ముళ్లకు చీకట్లో మెరవడానికి రేడియం పూసేవారు. మెరుపు పోయి ఉండొచ్చు, రేడియోధార్మికత పోదు. అలాంటి మీటరు అద్దం విప్పి లోపల శుభ్రం చేయాలన్న సరదా మానుకోండి.

లోపల ఏమైనా దొరుకుతాయా?

ఎక్కువగా పాత వార్తాపత్రిక ముక్కలు, టీ కప్పులు, పోగొట్టుకున్న స్పానర్లు. ఎప్పుడైనా తూటాలు కూడా. తూటా లాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి.

2017లో నార్తాంప్టన్‌షైర్‌లో జరిగింది మాత్రం పాత మిలిటరీ బండ్ల వాళ్లందరూ చెప్పుకుంటారు. ఒకప్పుడు ఇరాక్ సైన్యంలో ఉన్న టైప్ 69 ట్యాంకును ఒక సేకర్త లారీ, మరో కవచ వాహనం ఇచ్చి మారకంలో తీసుకున్నాడు. లోపల తూటాలు కనబడటంతో, ఆయుధాలుంటే పోలీసులకు చూపించడానికి వీడియో తీస్తూ డీజిల్ ట్యాంకు తెరిచాడు. లోపల అయిదు బంగారు కడ్డీలు ఉన్నాయని పత్రికలన్నీ రాశాయి. ఆయన వాటిని పోలీసులకు అప్పగించాడు. అలా ముందే కెమెరా పెట్టడం, దొరికింది అప్పగించడం రెండూ పద్ధతైన పనులు.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

అనుకున్నదానికంటే సులువుగా. సైన్యం ఎప్పుడూ అవసరానికి మించి నిల్వచేస్తుంది. మైనం కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టిన బేరింగు అరవై ఏళ్ల తర్వాత కూడా కొత్తదిలా బయటికి వస్తుంది. కాగితం విప్పుతుంటే వచ్చే ఆ మైనం, గ్రీజు వాసన నాకు చాలా ఇష్టం.

పెట్టె మీద 13 అంకెల నాటో స్టాక్ నంబరు ఉంటుంది. మొదటి నాలుగు అంకెలు అది ఏ రకం సామానో చెబుతాయి, తర్వాతి రెండు ఏ దేశమో. 99 ఉంటే బ్రిటన్. పేరు చెప్పి వెతికితే దొరకనిది ఆ నంబరుతో వెతికితే దొరుకుతుంది. మరమ్మతు విధానాలు ఈఎంఈఆర్ అనే సైనిక మాన్యువళ్లలో బొమ్మలతో సహా ఉన్నాయి. అవి లేకుండా పని మొదలుపెట్టకండి. దొరకని భాగాన్ని లేతు మీద చేయించుకోవచ్చు.

అన్నిటికంటే విలువైన విడిభాగం ఒకటుంది, అది సైన్యంలో ఈ బండ్లు బాగుచేసిన ముసలివాళ్ల జ్ఞాపకం. మాన్యువల్‌లో రాయనివి వాళ్లకు తెలుసు. ఇంజిను చప్పుడు వినగానే ఏ టాపెట్ వదులుగా ఉందో చెప్పే పెద్దాయన మా క్లబ్బులో ఉన్నారు. అలాంటివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. వాళ్లు చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, అనుమతి అడిగి.

మన బండి ఎక్కడెక్కడ తిరిగిందో తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. 1949 తర్వాతి బ్రిటిష్ సైనిక బండ్ల నంబరు రెండు అంకెలు, రెండు అక్షరాలు, రెండు అంకెలుగా ఉంటుంది. ఆ నంబరు దొరికితే పాత రికార్డుల ద్వారా అది ఏ రెజిమెంటుకు ఏ సంవత్సరం వెళ్లిందో వెతకవచ్చు. డోర్సెట్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం ఇలాంటి వెతుకులాటకు మంచి చోటు.

నంబరు ప్లేటు పోయినా రంగులు పోవు. బయటికి కనిపించని మూల చూసుకుని, రూపాయి బిళ్లంత చోటులో సన్నని ఉప్పు కాగితాన్ని తడిపి మెల్లగా గుండ్రంగా రుద్దండి. పైన కొత్త ఆకుపచ్చ, దాని కింద నలుపు, ఇంకా కింద ఇసుక రంగు, అడుగున ముదురు పచ్చ ఇలా వలయాలుగా బయటపడతాయి. ఇసుక రంగు ఉంటే ఎడారి దేశాల్లో పనిచేసి ఉండవచ్చు. తెల్ల వలయం కనిపిస్తే ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో ఉండి ఉండవచ్చు, 1964 నుంచి సైప్రస్‌లో తెల్ల ఫెరెట్లు తిరిగాయి. అందుకే మొత్తం బండిని ఇసుక యంత్రంతో ఇనుము దాకా గీకేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ బండి చరిత్ర అంతా దుమ్ములో కలిసిపోతుంది. గీకక తప్పకపోతే, లోపలి వైపు ఒక పలకనైనా ముట్టుకోకుండా వదిలేయండి.

రంగు వేసేటప్పుడు దానికి సంబంధం లేని రెజిమెంటు గుర్తులు వేయవద్దని నా మనవి.

లైసెన్సు, పన్ను, బీమా సంగతి?

భారత లైసెన్సుతో బ్రిటన్‌లో 12 నెలలే నడపవచ్చు, ఆ తర్వాత ఇక్కడి పరీక్ష రాయాల్సిందే. మామూలు కారు లైసెన్సు 3.5 టన్నుల వరకే. 1997కు ముందు ఇక్కడ కారు పరీక్ష పాసైనవారికి 7.5 టన్నుల దాకా అర్హత ఉంటుంది, మనలో చాలామందికి ఆ అవకాశం లేదు. పట్టాల బండికి హెచ్ అనే వేరే కేటగిరీ ఉంది. మీ బండి బరువును పత్రాల్లో ఎంతగా నమోదు చేశారో చూసి, లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు చూసే డీవీఎల్‌ఏ సంస్థతోనూ బీమా కంపెనీతోనూ ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను ఉండదు, పెద్ద మార్పులు చేయకపోతే బండి రోడ్డుకు తగినదా అని ఏటా చేసే ఎంఓటీ పరీక్ష కూడా అక్కర్లేదు. అయినా బండి రోడ్డుకు తగినట్టుగా ఉండాల్సిన బాధ్యత మీదే. మేం ఏటా పరీక్ష చేయించుకుంటాం, చట్టం అడక్కపోయినా. మిలిటరీ వెహికల్ ట్రస్ట్ లాంటి సంఘంలో చేరితే ఇవన్నీ చెప్పేవాళ్లు దొరుకుతారు.

తుపాకీ ఉంచుకోవచ్చా?

పనిచేయకుండా చేసినదైతే ఉంచుకోవచ్చు. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉన్న ప్రూఫ్ హౌస్ అనే తుపాకులు పరీక్షించే సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. అలాంటిది చేతులు మారితే హోం ఆఫీసుకు తెలపాలి. సర్టిఫికెట్ లేని తుపాకీ ఉన్న బండిని ఎంత చవగ్గా ఇస్తామన్నా వదిలేయండి.

ఇది యుద్ధాన్ని పొగడటం కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేను గౌరవిస్తాను. ఈ బండ్లు తిరిగిన చోట మనుషులు చనిపోయారు. ఏడెన్‌లో, సైప్రస్‌లో వీటిని చూసి భయపడి తలుపులు మూసుకున్నవాళ్లు ఉన్నారు. బండిని చూపించేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలన్నది నా పద్ధతి. ఏ వీధుల్లో ఎందుకు తిరిగిందో బోర్డు మీద రాసి పెడతాం.

మరో వైపు, ప్రదర్శనల్లో ఎవరో ఒక పెద్దాయన వచ్చి కవచం మీద చెయ్యి వేసి నిలబడిపోతాడు. పందొమ్మిదేళ్లప్పుడు ఇలాంటి దానిలోనే తిరిగానంటాడు. పక్కనున్న మనవడు ఆ మాటలు మొదటిసారి వింటున్నాడని ముఖం చూస్తే తెలుస్తుంది. ఫొటో చూపిస్తే రాని మాటలు, ఇనుమును ముట్టుకుంటే వస్తున్నాయి. ఈ బండ్లను తుక్కుకు పంపకుండా ఎందుకు కాపాడాలంటే నా సమాధానం ఇదే.

ఇండియాలో ఇది కుదురుతుందా?

కవచ వాహనం సొంతానికి కొనుక్కోవడం కుదరదు. ఇక్కడ కొని అక్కడికి పంపాలన్నా బ్రిటన్ నుంచి సైనిక వస్తువుల ఎగుమతి లైసెన్సు కావాలి. ఆ ఆలోచన వదిలేయండి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే శరత్ పోరాట వాహనాలు మన పక్కనే పుడుతున్నా, వాటిని చూడగలిగేది పరేడ్లలోనే.

కవచం లేని మిలిటరీ బండ్లు వేరే సంగతి. పాత జీపులు, జబల్‌పూర్‌లో తయారైన జోంగాలు, శక్తిమాన్ లారీలు వేలంలో అమ్మారు. వాటిని ప్రేమగా బాగుచేసేవాళ్లు మన దగ్గర ఉన్నారు. రెండు నియమాలు గుర్తుంచుకోండి. సైన్యం బండ్లకు తప్ప ఇతర వాహనాలకు ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే రోజువారీ తిరగడానికి, వ్యాపారానికి వాడకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే.

చూడాలనుంటే మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్, ఇప్పటి అహిల్యానగర్ వెళ్లండి. 1994లో మొదలైన కావల్రీ ట్యాంక్ మ్యూజియం హైదరాబాద్ నుంచి రైల్లోనో కార్లోనో వెళ్లి రాగల దూరమే.

డబ్బు పెట్టకుండా ఈ పనిలోకి రావచ్చా?

రావచ్చు, మంచి దారి కూడా అదే. క్లబ్బులకు, మ్యూజియాల వర్క్‌షాపులకు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఎప్పుడూ కావాలి. గ్రీజు పూయడం, నట్లు శుభ్రం చేయడం, భాగాలకు చీటీలు రాసి కట్టడం అన్నీ పనులే. ఒక ఏడాది అలా చేశాక మీకు బండి కావాలో, పని కావాలో మీకే తెలుస్తుంది. బోవింగ్టన్‌లో జూన్ చివర్లో టాంక్‌ఫెస్ట్ అనే ట్యాంకుల ప్రదర్శన జరుగుతుంది. ప్రపంచంలో నడిచే స్థితిలో ఉన్న ఒకే ఒక్క జర్మన్ టైగర్ 1 ట్యాంకు అక్కడిదే, 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి పట్టుబడింది.

పిల్లలను లోపలికి ఎక్కించవచ్చా?

ఎక్కించవచ్చు, ఒక్కొక్కరిని. ముందు బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపండి, చక్రాలకు దుంగలు పెట్టండి. పై మూతను తెరిచి వదిలేయకండి, పిన్ను వేసి బిగించండి. ఆ మూత బరువు చూడటానికి తెలియదు, పడితే వేళ్లు పోతాయి. ఒక పెద్దమనిషి పైన, ఒకరు కింద ఉండాలి. పట్టుకోవాల్సిన కడ్డీలు ఏవో ఎక్కేముందే చూపించండి, ఎందుకంటే ఎండలో నిలబెట్టిన బండి కవచం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.